కాలి బొటనవ్రేలి వంకర - శస్త్రచికిత్స

ఆత్రేయపురము పేరు వినగానే పూతరేకు జ్ఞాపకమునకు రాని తెలుగువారుండరు. 2023వ సంవత్సరమున ఆ రేకునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బోర్లించిన కుండక్రింద కొబ్బరాకు మంట, ప్రక్కన పలుచని బియ్యపుపిండి నీళ్లు. అందులో ముంచిన గుడ్డను కుండవీపుపై ఒక్కమారు పరచి లాగినంతనే తెల్లని పొర లేచివచ్చును. చూడవచ్చినవారందరును ఆ చేతుల నేర్పును మెచ్చుకొందురు. ఆ పీటపై కూర్చున్న మనిషి కాళ్లను మాత్ర మెవ్వరును చూడరు. వైద్యవృత్తిలోనుండియు మేమును చాలకాలము చూడలేదు.

మా మేనత్తగారిది ఆ యూరే. నలువది యేండ్లుగా రేకులు తీయుచున్నారు. ఆమె కుడికాలి బొటనవ్రేలు క్రమక్రమముగా రెండవ వ్రేలి వైపునకు ఒరిగి, దాని మొదట లోపలిప్రక్క ఎఱ్ఱని బొడిపె లేచినది. పండుగకు పోయినప్పుడెల్ల ఆమె కాలు చాపి చూపెడివారు. “వెడల్పైన చెప్పులు తొడుగుకొనుము, అత్తా” అని మేము చెప్పివచ్చెడివారము. ఆ కాలిని చేతిలోనికి తీసికొని కీలుకీలును కదల్చి చూచినవారము కాము. తరువాత ఆమె మాకు చెప్పకయే ఒకచోట శస్త్రచికిత్స చేయించుకొన్నారు. బొడిపెను చెక్కివేసినారు. రెండేండ్లు తిరుగకమున్నే వ్రేలు మరల ఒరిగినది; బొడిపె మరల లేచినది; ఈమారు రెండవ వ్రేలి క్రిందనుగూడ కాయ కాచి, అడుగు పెట్టినప్పుడెల్ల నిప్పుమీద నడచినట్లుండెను. అప్పుడుగాని మాకు తెలివి రాలేదు. ఆ పాదమునుండి మేము నేర్చుకొన్నదానిని నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. ఆ బొడిపె కొత్తగా మొలచిన ఎముక కాదు, కంతియు కాదు. అరికాలిలో చీలమండకును వ్రేళ్లకును నడుమ ఐదు పొడుగు ఎముకలు గలవు. వీనిని ప్రపదాస్థులందురు. బొటనవ్రేలికి ఆధారమైన మొదటి ప్రపదాస్థి తన స్థానము విడిచి లోపలివైపునకు, అనగా రెండవ పాదమువైపునకు, ఒరిగిపోవును. దానిపైనున్న వ్రేలు అందుకు విరుద్ధముగా బయటివైపునకు మొగ్గును. ఈ రెంటి నడుమ ఏర్పడిన మూలయే మన కంటికి బొడిపెగా కనబడుచున్నది. దానిపై చెప్పు రాచుకొని చర్మము వాచి నొప్పెట్టును. కనుక బొడిపెను చెక్కుట యనగా మూలను గీకుట మాత్రమే. ఒరిగిన ఎముక ఒరిగియే యుండును.

ఈ వంకరలో మరియొక సంగతి గలదు. ప్రపదాస్థి ఒరుగుటయేగాక తన ఇరుసుపై కొంత తిరుగును. దాని తలక్రింద శనగగింజలంతటి రెండు చిన్న ఎముకలున్నవి. నువ్వుగింజను పోలినవని పూర్వపు పాశ్చాత్యవైద్యులు వానికి ఆ పేరే పెట్టినారు. బండిచక్రము గాడిలో నడచునట్లు ఈ రెండును ప్రపదాస్థి క్రిందనున్న గాడిలో నడువవలెను. ఎముక ఒరిగి తిరిగినప్పుడు అవి గాడి తప్పును. గాడి తప్పిన పిమ్మట వ్రేలిని వంచు నరములు దానిని నిటారుగా లాగుటకు బదులు ప్రక్కకు లాగును. అందువలన వంకర తనకు తానే పెరుగుచుండును.

ఇది ఎందువలన వచ్చునని అడుగుదురు. వంశములో వచ్చుట తరచుగా చూచుచున్నాము. తల్లి పాదము కూతురికి, అమ్మమ్మ పాదము మనుమరాలికి వచ్చుచుండును. స్త్రీలలో నెక్కువ. ముందుభాగము ఇరుకైన పాదరక్షలు దీనిని పెంచునని తెలిసియున్నది. 1958లో హాంకాంగులో సిమ్‌ఫూక్ లామ్, హాడ్జ్‌సన్ అను వైద్యులు చెప్పులు తొడుగువారి పాదములను, ఎన్నడును తొడుగనివారి పాదములను పోల్చి చూచిరి. తొడుగువారిలో నూటికి 33 మందికి ఈ వంకర కనబడగా, వట్టికాళ్లవారిలో నూటికి ఇద్దరికిగూడ కనబడలేదు. అయినను వట్టికాళ్లవారికి ఇది బొత్తిగా రాదనుకొనరాదు. మా మేనత్తగారు జీవితమున ఇరుకు బూట్లెరుగరు. వచ్చినది మరియొక దారిని.

ఆ దారి కీళ్ల వదులుదనము. ఎముకను ఎముకతో కట్టియుంచు పట్టీలను కీలుబంధనములందురు. కొందరికి పుట్టుకతోనే ఇవి సాగుడుగా నుండును. చిన్నతనమున బొటనవ్రేలిని మణికట్టుకు ఆనించి తోటిపిల్లలను ఆశ్చర్యపరచినవారు మనలో నుందురు. అది అప్పటికి విద్యవలె తోచును; ముదిమిలో పాదము దాని ఖరీదు చెల్లించును. మన దక్షిణదేశమునందే ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ అను వైద్యులు నాలుగేండ్లనుండి పదమూడేండ్లవరకుగల 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితములను ప్రకటించిరి. వారు చూచినది బొటనవ్రేలి వంకరను గాదు, అరికాలి వంపు లేకుండుటను. చెప్పులు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి, తొడుగనివారిలో 2.8 మందికి అరికాలు సమతలముగా నున్నది. కీళ్లు వదులుగానున్న పిల్లలలో ఆ లోపము మిక్కిలి ఎక్కువ. వంపు కూలిన పాదమున బరువంతయు లోపలి అంచునకు వచ్చి బొటనవ్రేలి మొదటిపై పడును గనుక ఈ రెండు సంగతులకును చుట్టరికము గలదు.

కీళ్లు వదులుగానున్నవో లేవో ఇంటిలోనే కొంత తెలిసికొనవచ్చును. వైద్యులు బైటన్ పరీక్ష యని తొమ్మిది మార్కుల లెక్క వేయుదురు. చిటికెనవ్రేలు వెనుకకు తొంబది డిగ్రీలు దాటి వంగినచో చేతికొక మార్కు. చేతి బొటనవ్రేలు ముంజేతికి ఆనినచో ఒకటి. మోచేయి పది డిగ్రీలకు మించి వెనుకకు విరిగినట్లు చాగినచో ఒకటి. మోకాలట్లు వెనుకకు పోయినచో ఒకటి. ఈ నాలుగును కుడిఎడమలకు కలిపి ఎనిమిది. మోకాళ్లు వంచకుండ రెండు అరచేతులను నేలకు ఆనింపగలిగినచో తొమ్మిదవది. పెద్దలలో అయిదుగాని అంతకు మించిగాని వచ్చినచో దేహమంతటను కీళ్లు వదులని భావింపవచ్చును. మా మేనత్తగారికి ఆరు వచ్చినవి. మొదటి శస్త్రచికిత్సకు ముందు ఎవ్వరును ఈ లెక్క వేయలేదు. వేయవలసినవారిలో మేమును ఉంటిమి.

ఇక ముఖ్యవిషయము. మొదటి ప్రపదాస్థి వెనుకకొన చీలిక ఆకారముగల ఒక చిన్న ఎముకతో కలియును. ఈ కీలు సామాన్యముగా మిక్కిలి తక్కువగా కదలును; కదలకుండుటయే దాని ఉద్యోగము. అడుగు వేయునప్పుడు బరువును బొటనవ్రేలి మొదటికి అందించునది అదియే. అది వదులైనచో అడుగు పెట్టినంతనే ప్రపదాస్థి పైకి లేచి ప్రక్కకు తొలగును. బొటనవ్రేలు మోయవలసిన బరువు రెండవ, మూడవ వ్రేళ్ల మొదళ్లపై పడును. అక్కడ కాయలు కాచును. అనగా జబ్బు ముందు కనబడుచున్నను మూలము వెనుక నున్నది.

మన కోనసీమలో పందిరి వేయువారిని అడుగుడు. రాట ప్రక్కకు ఒరిగినదనుకొందము. కర్రయే వంకరయైనచో పైభాగమును సరిచేసికొనవచ్చును. గుంత బురదయై మొదలే కదలుచున్నచో పైన నెంత చెక్కినను, ఎంత త్రాడు బిగించినను నాలుగు గాలులకు మరల ఒరుగును. మొదట మన్ను దట్టింపవలెను. పాదము విషయమునను శస్త్రవైద్యుడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఇదే: వంకర కర్రలోనా, గుంతలోనా?

దీనిని తెలిసికొనుటకు చేతితో పరీక్షింపవలెను. ఒక చేత మిగిలిన ప్రపదాస్థులను కదలకుండ పట్టి, రెండవ చేత మొదటిదానిని పైకి క్రిందికి కదల్చి చూతురు. రెండవ వ్రేలి మొదట కాయ యున్నదా, అరికాలి వంపు కూలినదా, పిక్కనరము బిగిసి మడమను ముందుగా లేపుచున్నదా అని చూతురు. తరువాత ఎక్స్-రే. దానిని రోగిని నిలువబెట్టియే తీయవలెను. బల్లపై పరుండబెట్టి తీసిన చిత్రమున బరువు లేనందున వంకర తక్కువగా కనబడి మోసపుచ్చును. ఆ చిత్రమునందు రెండు కోణములను కొలుతురు. మొదటి, రెండవ ప్రపదాస్థుల నడుమ కోణము సామాన్యముగా తొమ్మిది డిగ్రీలకు మించదు. వ్రేలు ఒరిగిన కోణము పదునైదు డిగ్రీలకు మించదు. ప్రక్కనుండి తీసిన చిత్రమున మొదటి కీలు అడుగుభాగమున నోరు తెరచినట్లు సందు కనబడినచో అది వదులని చెప్పుటకు మంచి గుర్తు.

శస్త్రచికిత్స అందరికిని అవసరమా? కాదు. అందము కొరకు పాదమును కోయించుకొనవలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. నొప్పి లేనివానికి వెడల్పైన ముందుభాగము, మెత్తని అడుగు గల పాదరక్ష చాలును. అరికాలి వంపునకు ఆధారమిచ్చు మెత్త, వ్రేళ్లనడుమ పెట్టు రబ్బరు ముక్క, పిక్కనరమును సాగదీయు వ్యాయామము - ఇవి నొప్పిని తగ్గించును. వంకరను మాత్రము సరిచేయవు. రాత్రిపూట కట్టు పట్టీలతో వంకర పోవునని అమ్మజూపువారి మాట నమ్మదగినది కాదు. ఇవన్నియు కొన్ని నెలలు పాటించిన తరువాతను నడక కష్టమై, పనికి అడ్డమైనప్పుడే కత్తి మాట తలపెట్టవలెను.

కత్తి పట్టిన పిమ్మట దారులు నూటికి పైగా నున్నవి. ఒకే జబ్బునకు ఇన్ని శస్త్రచికిత్సలు పుట్టుటయే ఏదియు అందరికి చాలదనుటకు నిదర్శనము. ముఖ్యమైనవానిని మాత్రము చెప్పుదుము.

మొదటిది బొడిపెను చెక్కి, ప్రక్కనున్న బంధనములను ఒకవైపు బిగించి మరియొకవైపు వదలించుట. 1928లో మెక్‌బ్రైడ్ అను వైద్యుడు దీనికొక పద్ధతి నేర్పరచెను. గాయము చిన్నది, కోలుకొనుట త్వరితము. అయితే ఎముక స్థానము మారదు. అందునను కీళ్లు వదులుగానున్నవారికి ఏ బంధనమును బిగించిరో అది స్వభావముచేతనే సాగునది. పాతబట్టకు కొత్తకుట్టు వేసినట్లగును. మా మేనత్తగారికి జరిగినది ఇదే.

రెండవది ప్రపదాస్థిని కోసి, కోసిన భాగమును సరియైన చోటికి జరిపి మరలతో బిగించుట. వంకర స్వల్పమైనచో వ్రేలివైపు తలలో బాణపుమొన ఆకారముగా కోయుదురు. ఆస్టిన్, లెవెన్‌టెన్ 1981లో ప్రకటించిన పద్ధతి ఇది. వంకర నడిమి తరగతిదైనచో ఎముక పొడవునను, వడ్రంగులు దూలమునకు దూలము అతుకునట్టి కోతతో జరుపుదురు. వ్రేలి ఎముకలోనే కొంత వంకర మిగిలినచో 1925లో ఏకిన్ చూపిన చిన్నకోతను దీనికి జోడింతురు. కీళ్లు గట్టిగానున్నవారికి ఇవి మంచి ఫలితములనిచ్చుచున్నవి. మడమపై బరువు మోపి గట్టి అడుగుగల చెప్పుతో త్వరలోనే నడువవచ్చును. నేడు చిన్న రంధ్రములద్వారా ఇట్టి కోతలను చేయు నేర్పును వచ్చినది. గాయము చిన్నదైనంతమాత్రాన ఎముక త్వరగా అతుకునని మాత్రము తలంపరాదు.

మూడవది, నేటి మన ప్రసంగమునకు కేంద్రమైనది, వదులైన వెనుకకీలునే శాశ్వతముగా అతికివేయుట. న్యూయార్కున పాల్ లాపిడస్ అను వైద్యుడు 1934లో దీనినిగూర్చి వ్రాసెను; నాటినుండి అతని పేరే దీనికి నిలిచినది. కీలులోని మృదులాస్థిని గీకి, రెండెముకల ముఖములను చేర్చి, ప్రపదాస్థిని ఒరిగిన ఒరుగునుండియు తిరిగిన తిరుగుడునుండియు సరిచేసి, మరలతోనో పలకతోనో బిగింతురు. రెండెముకలు ఒకటిగా అతుకును. గుంతలో మన్ను దట్టించుట యనగా ఇదే. కోల్పోయిన కదలిక స్వల్పము. ఆ కీలు అసలు కదలవలసినది కాదు గదా. బొటనవ్రేలి మొదటి కీలు మాత్రము యథాప్రకారము వంగును.

అయితే దీనికిని కష్టములున్నవి. ఎముక అతుకుటకు ఆరునుండి ఎనిమిది వారములు పట్టును. పూర్వము అంతకాలమును కాలు నేల మోపనిచ్చెడివారు కారు. నేటి గట్టిపలకలవలన కొందరిని రెండుమూడు వారములలోనే ప్రత్యేకమైన బూటుతో నడిపించుచున్నారు. కొందరికి ఎముక అతుకదు. మునుపటి లెక్కలలో నూటికి పదిమందివరకు అట్లు జరిగినట్లున్నది. పరికరములు మెరుగైన తరువాత తగ్గినది గాని పోలేదు. చుట్ట, సిగరెట్టు త్రాగువారికి ఆ ప్రమాదమెక్కువ. అతికించుటలో ఎముక కొంచెము పొట్టియగును. దానిని తగినంత క్రిందికి దింపనిచో బరువు మరల రెండవ వ్రేలిపైననే పడును.

నాలుగవది బొటనవ్రేలి మొదటి కీలునే అతికివేయుట. ఆ కీలు అరిగి పాడైనప్పుడు, కీళ్లవాతముచేత పాదము చెడినప్పుడు, నరాల జబ్బుచేత కండరములు బిగిసి లాగుచున్నప్పుడు ఇది మిక్కిలి నమ్మదగినది. వంకర తిరిగివచ్చుట అరుదు. నడకకు పెద్ద ఆటంకము లేదు. కాని వ్రేలు వంగదు. మునివ్రేళ్లపై లేచుట, వ్రేళ్లు మడచి మోకాళ్లపై కూర్చుండుట, పీటమీదినుండి ముందుకు వంగి లేచుట కష్టమగును. కుర్చీపై కూర్చుండు దేశములవారికి ఇది చిన్నమాట. నేలపై కూర్చుండి వండి, వడ్డించి, నాట్లు వేసి బ్రతుకు మన స్త్రీలకు ఇది పెద్దమాట. శస్త్రవైద్యుడు అడుగకున్నను రోగియే తన పని ఎట్టిదో చెప్పవలెను.

అయిదవది 1904లో కెల్లర్ చెప్పినది. వ్రేలి మొదటి ఎముక అడుగుభాగమును కొంత తీసివేయుట. వ్రేలు బలహీనమై వ్రేలాడును గనుక నేడు దీనిని ఎక్కువ నడకలేని వృద్ధులకు మాత్రమే, అదియు అరుదుగా, చేయుచున్నారు. అసలే కీళ్లు వదులైనవారికి ఇది తగదు.

పిల్లల విషయము వేరు. ప్రపదాస్థి పెరుగుదలకు మూలమైన మృదులాస్థిపలక వెనుకకీలు ప్రక్కనే యున్నది. అది మూసికొనకమున్ను అక్కడ కత్తి పెట్టినచో ఎముక పెరుగుదల చెడవచ్చును. పిల్లలలో శస్త్రచికిత్స తరువాత వంకర తిరిగివచ్చుటయు ఎక్కువ. వీలైనంతవరకు పెరుగుదల ముగియువరకు ఆగుటయే మేలు. ఇక పుట్టుకతో బంధనధాతువే బలహీనమైన ఏలర్స్-డాన్‌లోస్ వంటి జబ్బులు గలవారు ముందుగానే ఆ సంగతి చెప్పవలెను. వారి చర్మము ఆలస్యముగా అతుకును, కుట్లు ఎక్కువకాలముంచవలెను, మొద్దుబార్చు సూదిమందు వారిలో కొందరికి సరిగా పనిచేయదు.

ఇంతవరకు విన్నవారు, కీలు వదులైనచో లాపిడస్ పద్ధతియే తప్పనిసరియని అనుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి. వైద్యులందరు ఇందులో ఏకాభిప్రాయులు కారు. నెదర్లాండ్స్ దేశమున ఫేబరును అతని సహచరులును 101 పాదములను చీట్లువేసి రెండు తరగతులుగా విభజించి, సగము వారికి ప్రపదాస్థిని కోసి జరుపు పద్ధతిని, సగము వారికి లాపిడస్ పద్ధతిని చేసిరి. 2004లో ప్రకటించిన రెండేండ్ల ఫలితములలోను, 2013లో ప్రకటించిన సుమారు తొమ్మిదేండ్ల ఫలితములలోను రెంటికి చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. మొదటికీలు వదులైనవారిలోను అంతే. వంకర సరియైన పిమ్మట నరములు నిటారుగా లాగుటచే కీలు తనంతట కొంత బిగియునని కొందరందురు. అనగా వదులుదనము కారణమో కార్యమో ప్రతిపాదమునను విడివిడిగా నిర్ణయింపవలసినదే.

మరి మన మేమి చేయవలెను? మాకు తోచినది చెప్పుదుము. స్వల్పమైన వదులుదనము, కొద్దిపాటి వంకర యున్నచో చిన్నకోతతో సరిపెట్టవచ్చును. వంకర పెద్దదై, కీలు అడుగున సందు తెరచి, రెండవ వ్రేలిక్రింద కాయ కాచి, లేదా ఒకమారు చేసినది చెడి తిరిగివచ్చినప్పుడు, వెనుకకీలును అతికించుట న్యాయమని అనేకుల అభిప్రాయము. దేహమంతట కీళ్లు వదులైనవారికి బంధనములపై మాత్రమే ఆధారపడిన చికిత్స నిలువదనుటలో వాదము తక్కువ.

మా మేనత్తగారి ఎదుట రెండు దారులు నిలిచినవి. చూచిన వైద్యుడు రెంటిని దాపరికము లేక చెప్పినాడు. ముందుకీలును అతికించినచో వంకర తిరిగివచ్చు భయము తక్కువ. వెనుకకీలును అతికించినచో వ్రేలు వంగును గాని కోలుకొనుట దీర్ఘము, అతుకునన్న పూచీ లేదు. ఆమె మమ్ము చూచి, “నాయనా, ముచ్చటగా నడవాలని కాదురా నాకు. పొయ్యి దగ్గర కూర్చోవాలి, కూర్చున్నదాన్ని లేవాలి. దానికేది మంచిదో అది చేయమను” అన్నారు. పుస్తకములన్నియు చదివిన మాకు ఆ మాట తట్టలేదు. వెనుకకీలునే అతికించిరి.

మూడునెలలు కుండ ఎక్కలేదు. పని లేనినాడు కూలి లేని వృత్తి అది. కుటుంబమునందరును ఆ మూడునెలల తిండిని, తోడును ముందుగానే సమకూర్చుకొనియుండిరి. లేనిచో మూడవవారమునకే ఆమె లేచిపోయి యుండెడివారు, చేసినదంతయు చెడియుండును. నేడు ఆమె పీటపై కూర్చుండి లేచుచున్నారు. వ్రేలు పూర్తిగా నిటారు కాలేదు. వ్రేలిపై కొంతచోట స్పర్శ తెలియదు. ఏడాదివరకు సాయంకాలమునకు కాలు వాచెడిది. రెండవ కాలిలోను వంకర యున్నది. “నొప్పి లేనిదాన్ని కదిపించుకోను” అన్నారు. ఆమె నిర్ణయము సరియైనదే.

కనుక శస్త్రచికిత్స తలపెట్టినవారు ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగవలెను. నా ఎక్స్-రే నిలువబెట్టి తీసినదేనా? నా వెనుకకీలు గట్టిదా, వదులా? మీరు చేయబోవునది ఎముక స్థానమును మార్చునా, బొడిపెను మాత్రమే తీయునా? ఎన్ని వారములు కాలు మోపరాదు? నా పనికి తిరిగిపోవుట కెన్నినెలలు? తిరిగివచ్చినచో తరువాతి దారి యేది? వీనికి జవాబు చెప్పుటకు విసుగుకొననివాడే మంచి వైద్యుడు. కాకినాడ, రాజమహేంద్రవరములందలి ప్రభుత్వ వైద్యశాలలలో ఎముకల విభాగములున్నవి. అక్కడ చూపించుకొని, అవసరమైనచో మరియొకరి అభిప్రాయమును తీసికొనుటలో తప్పు లేదు; మొదటి వైద్యునికి అవమానమును కాదు.

మధుమేహము గలవారు చక్కెర అదుపులోనికి వచ్చువరకు ఆగవలెను. పాదమున స్పర్శను, రక్తప్రసారమును పరీక్షింపకుండ కత్తి పెట్టనీయరాదు. చుట్టగాని సిగరెట్టుగాని కొన్ని వారములు ముందే మాని, ఎముక అతుకువరకు ముట్టరాదు. మన డెల్టాలో మరియొక జాగ్రత్త గలదు. కుట్లు ఆరకమున్ను కాలువనీటిలోను, వరిచేని బురదలోను కాలు పెట్టరాదు. నాట్లకాలమునకు ముందు శస్త్రచికిత్స పెట్టుకొని, నాట్లు రాగానే దిగినవారు గాయము చీముపట్టి తిరిగివచ్చుట గలదు. పని తక్కువైన ఋతువును చూచుకొనుట మేలు. శస్త్రచికిత్స పిమ్మట పిక్క గట్టిగా వాచి నొప్పిపెట్టినను, ఊపిరి ఆడకున్నను, జ్వరము వచ్చినను, గాయమునుండి చీము కారినను తెల్లవారువరకు ఆగక వైద్యశాలకు పోవలెను.

చివరగా ఇంటిలోని చిన్నవారికి ఒక మనవి. రేపు పెద్దవారి కాళ్లకు నమస్కరించునప్పుడు ఒక్క నిమిషము ఆ పాదములను చూడుడు. వ్రేలు ఒరిగినదా, కాయ కాచినదా, ఏ చెప్పు తొడుగుచున్నారు, ఎక్కడ నొప్పి యని అడుగుడు. మేము అడుగక ఆలస్యము చేసినాము. ఆ ఆలస్యమునకు ఒక శస్త్రచికిత్స ఎక్కువైనది. మీ యింట అట్లు జరుగకుండుగాక.